మీ ఊరి చెల్కల్లో తొలి సేద్యం ఆనవాళ్లు వెతకడం ఎలా

వేల ఏళ్ల కిందటి వ్యవసాయం అనగానే చాలామంది పాత పొలం గట్ల కోసం వెతుకుతారు. ఐర్లండ్ వాయవ్య తీరంలో కేజ ఫీల్డ్స్ (Céide Fields) అనే చోట అలాంటివి నిజంగానే ఉన్నాయి. రాతి గోడలు కట్టిన పొలాలు పీట్ మట్టి (కుళ్లిన మొక్కలు పేరుకున్న బురద నేల) కింద కూరుకుపోయి అలాగే మిగిలాయి. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో కంచు యుగం నాటి రాతి కట్టలు గుట్టల మీదుగా కిలోమీటర్ల పొడవున పోతాయి. నల్లగొండలోనో నారాయణపేటలోనో అలాంటి గీతల కోసం తిరిగితే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. మన నేల ఏటా దున్నే నేల. వానకు కొట్టుకుపోయే చెల్క. అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా గట్టు జరుగుతూనే ఉంటుంది.

మరి ఎక్కడ వెతకాలి? ముందు గొడ్లను కట్టేసిన చోటు వెతకండి. పొలం సంగతి తర్వాత. మన దగ్గర తొలి రైతులు ముందు పశువుల కాపరులు. క్రీ.పూ. 3000 మొదలు క్రీ.పూ. 1200 దాకా సాగిన ఈ నవీన శిలాయుగంలో వాళ్లు వదిలిన ఆనవాళ్లలో పెద్దది పెండ బూడిద. ఆ తర్వాత గుట్ట అంచున పడి ఉన్న రాళ్లు, పెంకులు. అన్నిటికన్నా చిన్నది మాడిపోయిన గింజ. ఈ మూడూ పట్టుకుంటే ఆనాటి సేద్యం ఎలా ఉండేదో కొంత అందుతుంది.

ముందు మ్యాపు ముందు కూర్చోండి

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకోండి, 1:50,000 స్కేలుది చాలు. పక్కన గూగుల్ ఎర్త్ గానీ ఇస్రో వాళ్ల భువన్ గానీ తెరిచి పెట్టుకోండి. గ్రామ నక్షా దొరికితే ఇంకా మంచిది.

మ్యాపులో వెతకాల్సింది పొలాలను కాదు. ఎర్ర నేల, నల్ల రేగడి కలిసే చోటు, దాని పక్కన బోడి గుట్ట, ఆ గుట్ట కింద వాగు. ఈ మూడూ దగ్గర దగ్గరగా ఉన్న చోట పెన్సిల్‌తో సున్నా చుట్టండి. గుట్టల మధ్య నుంచి పొడవాటి నల్లరాతి వరుస ఏదైనా పోతోందా చూడండి. ఉపగ్రహ చిత్రంలో అది కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా కనిపిస్తుంది. అది డోలరైట్ డైక్, అంటే నేల పగులులోకి కరిగిన రాయి ఎక్కి గట్టిపడిన గోడ. ఆనాటి రాతి గొడ్డళ్లకు సరుకు అక్కడిదే. నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రానైట్ నేలల్లో ఇలాంటి డైకులు కొల్లలు.

ఇప్పుడు కొత్తవాటిని ఒక్కొక్కటిగా తీసేయండి. ముందు కాలువలు: సాగర్ ఎడమ కాలువ, జూరాల, భీమా, కోయిల్‌సాగర్ ఆయకట్టు. వీటి కింద చదును చేసిన పొలాల మీద ఆశ పెట్టుకోవద్దు. తర్వాత సర్వే నంబర్ల హద్దులు, అవి నిజాం కాలపు భూమి కొలతల నుంచి వచ్చినవి. ఆ తర్వాత చెరువులు. పానగల్లు ఉదయసముద్రం లాంటి చెరువు మనకు ఎంతో పాతదిగా అనిపిస్తుంది గానీ కందూరు చోడుల కాలపుది, అంటే మనం వెతుకుతున్న కాలానికి రెండు వేల ఏళ్లకు పైగా తర్వాతిది. ఒక పొలం గట్టు చెరువు కట్టకు వచ్చి ఆగిందంటే గట్టు తర్వాతిది. కట్ట కింద నుంచి పోయిందంటే గట్టే ముందు. ఏది దేన్ని కోసింది, ఏది దేని కింద ఉంది అన్న ఈ ఒక్క ప్రశ్నతో సగం మ్యాపు చెరిగిపోతుంది. మిగిలింది గుట్టలు, వాగులు, బంచరాయి (పశువులు మేసే ఊరుమ్మడి నేల). అక్కడికే వెళ్లాలి.

ఇంకో మాట. కృష్ణ ఒడ్డు సగం ఇప్పుడు నీళ్ల కింద ఉంది. నల్లగొండ వైపు ఏలేశ్వరం నాగార్జునసాగర్‌లో మునిగింది. మహబూబ్‌నగర్ వైపు చిన్నమారూరు, పెదమారూరు లాంటి చోట్ల శ్రీశైలం నీళ్లు రాకముందు తవ్వకాలు చేశారు. నది ఒడ్డున ఏమీ కనపడలేదంటే ఏమీ లేదని రాసుకోవద్దు.

ఊళ్లో అడిగే తీరు

గుట్ట చుట్టూ ఒక్కరే తిరిగితే గుప్తనిధుల కోసం వచ్చారనుకుంటారు. ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు, రాత్రిళ్లు వచ్చి దిబ్బలు తవ్విపోయే ముఠాల బాధ మన పల్లెలకు బాగా తెలుసు. కాబట్టి ముందు సర్పంచ్‌కు చెప్పండి, పొలం ఎవరిదో వాళ్లను అడగండి, పట్టపగలే వెళ్లండి. గడ్డపార, పార లాంటివి బండిలో కూడా పెట్టుకోవద్దు. మెటల్ డిటెక్టర్ మాటే ఎత్తొద్దు.

తర్వాత గొల్ల, కురుమ పెద్దమనుషులను పట్టుకోండి. నేల గురించి వాళ్లకు తెలిసినంత ఆఫీసు రికార్డులకు తెలియదు. "ఇక్కడ నవీన శిలాయుగం స్థలం ఉందా పెద్దాయనా" అంటే ఏమీ రాదు. ఇలా అడిగి చూడండి: "దున్నితే బూడిద లేచే చేను ఏదన్నా ఉందా? పాటిమన్ను ఎక్కడి నుంచి తోలుకుంటరు? వానలు పడ్డంక కూడా మంద ఎక్కడ ఆపుతరు? నున్నటి నల్లరాయి, గొడ్డలి మూతి లెక్క ఉన్నది, ఎక్కడన్నా దొరికిందా?" ఆఖరి ప్రశ్నకు ఒక్కోసారి ఊరి బయట చెట్టు కిందికి తీసుకుపోయి చూపిస్తారు. పాత రాతి గొడ్డళ్లను దేవుడి దగ్గర పెట్టి కొలవడం దక్కన్‌లో ఉన్నదే. ఫొటో తీసుకోవచ్చా అని అడగండి, చేత్తో ఎత్తకండి.

పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) అన్న ప్రతి చోటూ రాతియుగానిది కాదు. చాలావరకు శాతవాహనుల కాలానివి, ఆ తర్వాతివి. అయినా రాసుకోండి. మంచి చోటును మనుషులు మళ్లీ మళ్లీ పట్టుకుంటారు, కింది పొరలో ఏముందో పైనుంచి చెప్పలేం.

బూడిద దిబ్బ: దీని దగ్గర ఎక్కువసేపు ఆగండి

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఒక ఊరు ఉంది. ఆదిలాబాద్ ఏజెన్సీలోని ఉట్నూరుతో కలిపేసుకోవద్దు. 1957లో బ్రిటిష్ పురావస్తు పండితుడు ఆల్చిన్ అక్కడి బూడిద దిబ్బను తవ్వాడు. ఒకదాని మీద ఒకటిగా పెండ పొరలు, బూడిద పొరలు బయటపడ్డాయి. చుట్టూ దుంగలు పాతి కంచె వేసిన గుంతలు కనిపించాయి. పొరల మధ్య గొడ్ల గిట్టల ముద్రలు దొరికాయి. తడి నేల మీద పశువులు తొక్కిన అచ్చు, దాని మీద బూడిద పడి అలాగే నిలిచిపోయింది. కాలం తేల్చే కర్బన పరీక్షలు ఆ దొడ్డిని క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలో పెట్టాయి.

అంతకుముందు ఈ దిబ్బల గురించి రకరకాల మాటలు ఉండేవి. బళ్లారి దగ్గర కుడతిని దిబ్బను భీముడు చంపిన హిడింబాసురుడి చితి అని చెప్పుకునేవాళ్లు. అగ్నిపర్వతం అన్నారు, ఇనుము కరిగించిన చోటన్నారు. ఇది పశువుల పెండే అని 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ చెప్పాడు. ఉట్నూరు తవ్వకం తర్వాత, బూడిదను ప్రయోగశాలలో పరీక్షించిన తర్వాత ఆ వాదం గట్టిపడింది. దొడ్డిలో పేరుకున్న పెండకు అప్పుడప్పుడు నిప్పు పెట్టేవాళ్లు. ఎందుకు పెట్టారన్న దానిమీద ఇంకా వాదన ఉంది. ఏడాదికి కొన్ని రోజుల్లో చేసే పండుగ మంటలు అయివుంటాయని ఆల్చిన్ ఊహ. మన రైతును అడిగితే మాత్రం తల పట్టుకుంటాడు. బండ్ల కొద్దీ పెంటను చేన్లో వేయకుండా కాల్చేస్తారా ఎవరైనా? నాకూ ఆ ప్రశ్నే గట్టిగా తోస్తుంది. పెంట విలువ అప్పటికి పట్టలేదా, లేక చేలు అంత చిన్నవి, పశువులు అంత ఎక్కువా? రెండోదే దగ్గరగా ఉందనిపిస్తుంది.

మీకు ఒక దిబ్బ కనిపించిందనుకోండి. ముందు అది ఇటుక బట్టీదో, కుమ్మరి ఆవందో, సున్నపు బట్టీదో కాదని తేల్చుకోవాలి. బట్టీ అయితే చుట్టూ మాడిన ఇటుక ముక్కలు, ఆవం అయితే వంకరపోయిన కుండ పెంకులు, సున్నానిదైతే సున్నపురాయి ముక్కలు దండిగా ఉంటాయి. ఎక్కువ మందిని మోసం చేసేది ఇనుప చిట్టెం, అంటే ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డి. దాన్ని పట్టడానికి జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. ఇనుప చిట్టెం చేతికి బరువుగా, నల్లగా లేదా తుప్పు రంగులో ఉంటుంది, చాలాసార్లు అయస్కాంతానికి అంటుతుంది. పెండ కాలి గట్టిపడిన ముద్ద తేలిక. బూడిద రంగులో, ఒక్కోసారి కాస్త ఆకుపచ్చ ఛాయతో, లోపలంతా బుడగలతో ఉంటుంది. గడ్డి తిన్న పశువు పెండలో సిలికా ఉంటుంది. మంట బాగా ముదిరితే అది కరిగి గాజులా అయిపోతుంది. ఆ గాజుముద్దే గుర్తు.

వాగు కోసిన అంచు గానీ, మట్టి తోలుకున్న గుంత గానీ ఉంటే దాని ముందు కూర్చోండి. తెల్లటి పొడి బూడిద, దాని కింద గోధుమరంగు గట్టి పొర, మళ్లీ బూడిద, ఇలా పొరలు కనిపిస్తున్నాయా? గీరొద్దు, తవ్వొద్దు. ఎండ పక్కనుంచి పడే పొద్దున ఎనిమిదిలోపు ఫొటో తీస్తే పొరలు స్పష్టంగా వస్తాయి. పక్కన అడుగు స్కేలు పెట్టడం మరవొద్దు.

గుట్ట పాదాన నడవడం

దీనికి సరైన కాలం ఎండాకాలం చివర, దుక్కి దున్ని తొలకరి ఒకటి పడ్డాక, విత్తనం వేయకముందు. దుక్కి పైకి తెచ్చిన పెంకులను వాన కడిగి పెడుతుంది. విత్తిన చేన్లో అడుగు పెట్టొద్దు. ఇద్దరు ముగ్గురు ఉంటే పది అడుగుల ఎడంలో వరుసగా నిలబడి ఒకే దిక్కుకు నడవండి, చివరకు వెళ్లి మళ్లీ వెనక్కి. ఇష్టమొచ్చినట్టు తిరిగితే మెరిసేవి మాత్రమే కంటికి ఆనతాయి.

మీకు కావాల్సినవి మెరవవు. చేత్తో చేసిన ముతక బూడిదరంగు కుండ పెంకులు, నల్లరాతి చెక్కులు, చిన్న చెకుముకి పలకలు. గొడ్డలి మొత్తంగా దొరకడం అరుదు. దాన్ని చెక్కేటప్పుడు రాలిన పెచ్చులే ఎక్కువ. ముందు చెక్కి, తర్వాత సన్నగా పొడిచి, చివర బండ మీద నీళ్లు, ఇసుక వేసి అరగదీసేవాళ్లు. ఆ అరగదీసిన గాడులు గుట్ట మీది బండల్లో మిగిలి ఉంటాయి. నడుమ తూటు ఉన్న గుండ్రాయి కనపడితే జాగ్రత్తగా చూడండి. తవ్వుకోలకు బరువుగా గుచ్చే రాయి అది కావచ్చు. ఇనుప కర్రు రాక ముందు నేల తవ్వింది అలాంటి కోలతోనే. నల్ల రేగడి దాని మాట వినదు. మెత్తటి ఎర్ర చెల్కలోనే అది దిగుతుంది.

బండ మీద నూరుడు పల్లాలు కూడా ఉంటాయి. పొడవుగా, లోతు తక్కువగా, పడవ అడుగులా ఉన్నది గింజలు నూరినది. లోతుగా, గుండ్రంగా, కిందికి సన్నబడుతూ పోయేది దంచుడు రోలు. అది నిన్నమొన్నటి వరకూ ఊరివాళ్లు వాడినదే అయి ఉండొచ్చు. పులిజూదం గళ్లను చూసి ఉత్సాహపడొద్దు.

గుట్ట వాలు మీద రాళ్లు పేర్చిన మెట్లలాంటివి కనిపిస్తే ఆగండి. రాయచూరు దగ్గర పిక్లిహాల్‌లో, బళ్లారి గుట్టల్లో ఇలాంటి వరుసలు నవీన శిలాయుగపు ఆవాసాలతో కలిసి ఉన్నాయి. అయితే రాతి వరుసను చూసి కాలం చెప్పలేం. కాపరులు మొన్న కట్టిన దొడ్డి గోడ కూడా అలాగే ఉంటుంది. వరుస అడుగు రాళ్ల కింద నుంచి పెంకులు జారి వస్తున్నాయా, పైన మాత్రమే పడి ఉన్నాయా అన్నది రాసుకోండి. నిర్ణయం తవ్వేవాళ్లకు వదిలేయండి.

ఇక చేను ఎక్కడ ఉండేది? దీనికి పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళ్లాలి. బోడి బండ చుక్క నీరు కూడా తాగదు. దాని మీద పడ్డ వానంతా జారి గుట్ట పాదాన ఒక పట్టీలో ఇంకుతుంది. ఆరేడు వందల మిల్లీమీటర్ల వానపడే మన సీమలో ఆ పట్టీకి మాత్రం అంతకన్నా ఎక్కువ అందుతుంది. సంక్రాంతి దాకా ఎక్కడ పచ్చగడ్డి నిలుస్తుందో గుర్తు పెట్టుకోండి. ఆ పట్టీ, బూడిద దిబ్బ, నూరుడు పల్లాలు ఒకదానికొకటి నడిచిపోయే దూరంలో ఉంటే మీరు తొలి రైతుల ఊరి మధ్య నిలబడి ఉన్నట్టే అనుకోవచ్చు.

గింజను గుర్తుపట్టడం ఇంట్లోనే నేర్చుకోండి

ఆ పట్టీలో ఏం పండించారు? డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ వంటి పరిశోధకులు బళ్లారి వైపు సంగనకల్లు, టెక్కలకోట లాంటి చోట్ల మట్టిని నీళ్లలో తేల్చి మాడిన గింజలు ఏరారు. ముఖ్యంగా దొరికినవి ఉలవలు, పెసలు, అండు కొర్రలు, కొర్ర జాతి గడ్డిగింజ ఇంకొకటి. ఆ గడ్డి కంకులు బట్టలకు అంటుకుని వదలవు, మీరూ చేలగట్ల మీద చూసే ఉంటారు. ఇవన్నీ వానకాలం పంటలు, నీళ్లు కట్టే పని లేదు. గోధుమ, యవలు తర్వాత వచ్చాయి, అవి యాసంగివి. రాగి, జొన్న ఆఫ్రికా నుంచి, కంది తూర్పు వైపు నుంచి ఇంకా తర్వాత చేరాయి. మక్క, మిరప, పల్లి సంగతి సరేసరి, పోర్చుగీసు వాళ్లు వచ్చేదాకా ఈ దేశంలో లేవు. కాబట్టి రాతియుగం రైతు అంటూ మక్కచేను పక్కన నిలబెట్టి బొమ్మ గీయకండి.

పొలంలో మట్టి తీసి కడగడం మన పని కాదు, అనుమతి ఉన్న తవ్వకంలోనే చేయాలి. కానీ కన్ను మాత్రం ఇంట్లో సిద్ధం చేసుకోవచ్చు. మూత ఉన్న చిన్న రేకు డబ్బా తీసుకుని, మూతకు మేకుతో చిల్లు పెట్టండి, లేకపోతే ఆవిరికి ఎగిరిపోతుంది. పొడి ఇసుక పోసి అందులో ఉలవలు, పెసలు, కొర్రలు, వడ్లు కొన్ని కొన్ని కప్పెట్టండి. వేసే ముందు స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. కట్టెల పొయ్యి నిప్పుల్లో గంటసేపు ఉంచి, పూర్తిగా చల్లారాక తెరవండి.

ఇప్పుడు భూతద్దం పెట్టి చూడండి. ఉలవ పొట్టు ఊడి, చాలావరకు రెండు బద్దలుగా విడిపోయి ఉంటుంది, వంపు మాత్రం పోదు. పెసర బద్ద లోపలి వైపు మొలక అచ్చు కనిపిస్తుంది. పెసరను మినుము నుంచి వేరు చేయడానికి నిపుణులు చూసేది ఆ అచ్చు పొడవునే. కొర్ర గింజ ఉబ్బి ఆకారం చెడుతుంది. కొన్ని పూర్తిగా బూడిదైపోతాయి. తవ్వకంలో ఒక గింజ ఎక్కువగా, ఒకటి తక్కువగా దొరకడానికి పండించిన కొలతే కాకుండా మంట చేసిన పక్షపాతం కూడా కారణమని మీ చేతిలోని డబ్బానే చూపిస్తుంది.

అదే ఇసుకను, కాస్త పొయ్యి బూడిదతో కలిపి బకెట్ నీళ్లలో వేసి మెల్లగా కలియబెట్టండి. ఇసుక అడుక్కి పోతుంది, మాడినవి పైకి తేలతాయి. పాత పలుచటి చున్నీ మీదుగా వంచి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగులుతాయి. పరిశోధకులు చేసే పని మూలం ఇంతే, జల్లెడలు సన్నవి, ఓపిక ఎక్కువ.

నిలువురాళ్ల దగ్గర తొందరపడొద్దు

నారాయణపేట జిల్లా కృష్ణ మండలం ముడుమాల్‌లోని నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యులు కె.పి. రావు వాటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. సూర్యుడి గమనంతో రాళ్ల వరుసలకు లంకె ఉందని ఆయన వాదన. సేద్యానికి రుతువు తెలియడం అవసరం కాబట్టి మనకూ ఇది పనికొచ్చే సంగతే. జూన్ 21నో డిసెంబర్ 22నో సాయంత్రం వెళ్లి రాళ్ల నీడలు చూసి రండి. కానీ మీ ఊళ్లో రాకాసి గుళ్లు కనిపిస్తే అవి ఎక్కువగా ఇనుప యుగపు సమాధులు. తొలి సేద్యం అప్పటికి వెయ్యేళ్లకు పైగా పాతబడిపోయింది. వాటి నుంచి మనం తీసుకోగలిగింది ఒకటుంది. సమాధులు తరచుగా సాగుకు పనికిరాని రాతినేల మీద ఉంటాయి కాబట్టి, సాగునేల ఏ పక్కన ఉండి ఉంటుందో ఊహకు అందుతుంది.

రాసుకోవడం, అప్పగించడం

ప్రతి చోటుకూ తేదీ, ఊరు, సర్వే నంబరు, ఫోన్ చూపించే జీపీఎస్ అంకెలు, నేల రంగు, నీటికి దూరం, ఎవరు చెప్పారో రాయండి. చేత్తో ఒక బొమ్మ గీయండి, ఉత్తరం ఎటో బాణం గుర్తు పెట్టండి. వస్తువు ఎక్కడ ఉందో అక్కడే ఉంచాలి. ఇంటికి తెచ్చిన గొడ్డలి ఉత్త రాయి, చేన్లో పెంకుల మధ్య ఉన్న గొడ్డలి సాక్ష్యం. చట్టం కూడా ఉంది. భూమిలో దాగి దొరికిన విలువైన వస్తువు సంగతి కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది. పురావస్తువుల అమ్మకాలను, ఎగుమతిని 1972 చట్టం కట్టడి చేస్తుంది.

ఫేస్‌బుక్‌లో లొకేషన్ పెట్టొద్దు. మీకు లైకులు వచ్చేలోపు అక్కడికి గడ్డపారలు చేరతాయి. ఫొటోలు పెట్టాలనిపిస్తే మండలం పేరు దగ్గర ఆగండి. పూర్తి వివరాలు మాత్రం రాష్ట్ర వారసత్వ శాఖకు, అంటే హెరిటేజ్ తెలంగాణకు, ఒక కాపీ తహసీల్దార్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. దిబ్బ మీద ప్లాట్లు వేస్తున్నా, జేసీబీతో మొరం తీస్తున్నా ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి, చరిత్ర కింద రాయొచ్చు.